పేరు చెప్పని మందు

మొన్న మా వీధి చివర కాలవ గట్టున పిచ్చిమొక్కలు కొట్టి తగలబెట్టారు. అందరూ తలుపులు మూసుకుంటే నేను కిటికీ తెరిచి నిలబడ్డాను. ఎండిన ఉమ్మెత్త వాసన. ఎనభైకి దగ్గరపడిన నా ముక్కుకు ఇప్పుడు పోపు మాడినా తెలియదు గానీ, ఆ చేదు పొగ మాత్రం తెలిసింది. వెంటనే పైడమ్మ గుర్తొచ్చింది.

అరవైల చివర గజపతినగరం దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో నర్సుగా చేరాను. పైడమ్మ మా పక్కింటావిడ. చోడిచేలో, అంటే రాగిచేలో, పని చేసుకుంటూ, ఉబ్బసంవాళ్లకు ఏదో ఆకుపొడి ఇచ్చేది. చిటికెడు నిప్పులమీద చల్లి పొగ పీల్చాలి. నాకూ చిన్నప్పటి నుంచి ఉబ్బసమే. నర్సునన్న బింకం కొన్నాళ్లు ఆపింది. ఒక ముసురురోజు ఊపిరాడక ఆవిడ గుమ్మంలోనే కూలబడ్డాను. పొగ పీల్చాక ప్రాణం లేచొచ్చింది. అదేం మందని అడిగాను.

"పేరు సెప్తే గుణం పోద్ది నర్సమ్మా. మా అత్త సచ్చేముందు ఒట్టేయించుకున్నాది," అంది.

పెరట్లో ఆరబెట్టిన ముళ్లకాయల మొక్కలు చూశాను, నాకు తెలిసిపోయింది. ఊరుకున్నాను. నర్సు నాటుపొగ పీలుస్తోందని డాక్టరుగారికి తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? పైడమ్మ కూడా నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ వేసవిలో అప్పన్న అనే రైతును మంచంమీద మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, కనుపాపలు పెద్దవయ్యాయి, గాలిలోంచి దారాలు లాగుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. పొగకే ఇంత నయమైతే తాగితే రోగం మొదలంటా పోతుందని, పెళ్లాం వారం రోజుల పొడి ఒక్కసారే కాచి పోసింది. పైడమ్మ మందు తాగాడని చెప్పింది గానీ అదేమిటో ఆమెకు తెలియదు. డాక్టరుగారు కుర్రవాడు. ఎండదెబ్బే అనుకుని తడిగుడ్డలు కప్పమని, పైడమ్మ కోసం చేనుకు మనిషిని పంపారు. ఆ గుడ్డలు పిండి కప్పింది నేనే. పేరు నా నాలుకమీదే ఉంది. నీకెలా తెలుసని అడుగుతారని నోరు విప్పలేదు.

పైడమ్మ మట్టిచేతులతో వచ్చింది. మంచంవైపు ఒక్కసారి చూసింది. "ఉమ్మెత్తాకు బాబూ. పొగకిచ్చినాను, తాగీసినాడు," అంది.

వెంటనే పొట్ట కడిగారు. అప్పటికే అతన్ని తెచ్చి గంటన్నర దాటింది. పొద్దుగూకక ముందే అప్పన్న పోయాడు.

ఆ తర్వాత పైడమ్మ పచ్చి ఉమ్మెత్త మొక్క పట్టుకుని, తాను మందిచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లింది. ఇదే ఆ మందనీ, నోట్లోకి వెళితే ప్రాణం తీస్తుందనీ చెప్పింది. మనిషిని చంపిందని ఊరు ఆవిణ్ణి వెలేసినంత పని చేసింది. నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. ఒకనాడు ఉండబట్టలేక, నాకు ముందే తెలుసని చెప్పేశాను.

"నాకంటే ఒట్టున్నాది. నీకేటున్నాది?" అంది పైడమ్మ.

లేచి వచ్చేశాను. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా, ఏ మందిచ్చినా పేరూ గుణమూ దోషమూ చెప్పకుండా ఇవ్వలేదు. అందరూ నన్ను మంచి నర్సన్నారు. ఆ రోజు నేను కాపాడుకున్నది ఆ ఉద్యోగాన్నే. ఈ ఇల్లు దానితోనే కట్టాను. ఇప్పుడు తింటున్న పింఛనూ దానిదే.