నూతిగట్టు మీద ఎర్రరంగు

సాలూరులో లారీలకి నంబర్లు రాసే దాలయ్యకి ఒకటే జబ్బు: కంటబడ్డ ప్రతిదీ ఎవరిదో అడగడం, చెప్పింది దాని మీదే రాసేయడం.

"ఈ అరుగు ఎవుల్ది?"

"నగరేశ్వరరావు బాబుది."

రాసేవాడు. పక్కిల్లు? ఆయనదే. దాని పక్కది? ఆయనదే. వారం తిరిగేసరికి ఆ వీధిలోని ఇరవై రెండు గుమ్మాల్లో పంతొమ్మిదింటి మీద ఎర్రగా ఒకటే పేరు. మిగిలిన మూడింట్లో ఒకటి కోళ్లగూడు. అందరికీ తెలిసిన సంగతే గాని, వరసగా చదివేసరికి జనానికి నోరెండిపోయింది. దాలయ్య పన్నుల ఆఫీసు మనిషన్నారు కొందరు. పార్టీ మనిషన్నారు మరికొందరు, గొంతు తగ్గించి.

ఆ వీధిలోనే అద్దెకుండే జగ్గమ్మకైతే మొదటినుంచీ అనుమానమే. మొగుడు రాముడు పోయి ఏడు నెలలు. అద్దెపెరట్లో అతను తవ్విన నుయ్యొక్కటే ఆమెకి మిగిలింది. అదీ పూడ్చి లారీల షెడ్డు వేస్తానంటున్నాడు నగరేశ్వరరావు. సరిగ్గా అప్పుడే దాలయ్య రంగుడబ్బాతో దిగాడు.

"నిన్ను బాబే గదా అంపినాడు?"

"నన్నెవులంపుతారప్పా! ఈ నుయ్యి తవ్వింది ఎవులు?"

మొగుడి పేరు ఆమె ఏనాడూ నోట అనలేదు. "మా ఇంటాయన."

"పేరు సెప్పు."

"సెప్పను. ఫో!"

పోలేదు. పక్కింట్లో వాకబు చేసొచ్చి, గట్టు చుట్టూ బారుగా ఏదో రాసి మరీ పోయాడు.

జగ్గమ్మకి చదువు రాదు. ఇంకేం రాస్తాడు, నగరేశ్వరరావు పేరే! బూడిదతో తోమింది. ఇసకేసి తోమింది. లారీ రంగాయె, చెయ్యి ఎర్రబడింది గాని అక్షరం చెదరలేదు.

మర్నాడు పొద్దున్నే నగరేశ్వరరావు నలుగురు పారవాళ్లతో వచ్చాడు. వెనకే బిందెలతో వీధి వీధంతా. పారవాళ్లలో పెద్దవాడు అసిరయ్య గట్టు దగ్గర ఆగిపోయాడు.

"ఏటి రాసున్నాది?"

పక్కింటి బుల్లమ్మ కూడబలుక్కుని చదివింది: "నేల నగరేశ్వరరావుది. నుయ్యి తవ్వింది రాముడు. నీళ్లు తాగేది వీధంతా."

అసిరయ్య పార కింద పెట్టేశాడు. "రాముడితో పది నూతులు దిగినోణ్ని. ఆడు తవ్వింది నేను పూడ్సను బాబూ."

మిగతా మూడు పారలూ వాలిపోయాయి.

నగరేశ్వరరావు గట్టుకేసి చూశాడు. బిందెలకేసి చూశాడు. "రోడ్డువైపు ఏసుకోలేనేటి షెడ్డు!" అని ఎవరో అడ్డుపడ్డట్టు కసురుకుంటూ వెళ్లిపోయాడు.

నిన్నంతా తను తోమింది ఇంటాయన పేరునా! జగ్గమ్మకి సిగ్గేసింది. దడి అవతల దాలయ్య నిలబడున్నాడు.

"తోమితే మెరుగొచ్చింది లేప్పా."

"ఎందుకు రాసినావు?"

"నువ్వు అనకూడని పేరు గదా. గట్టు మీదుంటే తప్పేటి?"

ఆమె చేద వేసి, నీళ్లు తోడి, గ్లాసు అందించింది. దాలయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ గ్లాసు ఎవుల్ది?"

"ముందు తాగు," అంది జగ్గమ్మ. "తాగినంతసేపూ నీదే."