మా కూతలు విన్న అంకుల్

మొన్న ఆదివారం పొద్దున సిడ్నీ క్వేకర్స్ హిల్‌లో మా వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఆంటీ ఫోన్ చేసింది. "మీ అంకుల్ ఇక లేరమ్మా," అంది. ఊపిరితిత్తుల జబ్బు. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. మిక్సీ ఆపేశాను.

సిడ్నీకి ఉత్తరాన, బొగ్గుతో కరెంటు తీసే పవర్ స్టేషన్ ఉన్న ఊళ్లో మేమున్నప్పుడు ఆయన మా పక్కింటాయన. ఆ స్టేషన్‌లోనే ఇంజనీరు. కుర్రతనంలో గుంటూరు వైపు కబడ్డీ బాగా ఆడారట. మేం నాలుగు తెలుగు కుటుంబాలం బార్బెక్యూ పొయ్యి చుట్టూ ఎప్పుడు చేరినా, చిన్నా పెద్దా అందరిచేతా వరసగా కూత పెట్టించేవారు. ఒక్క గుక్కలో ఎంతసేపు లాగుతామో వాచీ చూసేవారు. ఈయనకిదేం పిచ్చిరా బాబూ అని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "మీ అమ్మాయి కూత ఇయర్ ఇయర్‌కీ తగ్గుతోందమ్మా. ఎదిగే పిల్లకి పెరగాలి కదా. ఒకసారి లంగ్ టెస్ట్ చేయించండి," అన్నారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడే ఇల్లు కొనుక్కున్నాం, పిల్లకి జబ్బని తేలితే ఊరొదలాల్సిందేగా, ఈయనకేం పోయింది? మొహం మీదే అనేశాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. చివరికి టెస్ట్ చేయించాం. పిల్లకి ఆ పొగా దుమ్మూ పడటం లేదని, అక్కడే ఉంటే ముదురుతుందని డాక్టరు చెప్పాకగానీ నా నోరు మూతపడలేదు.

ఇల్లు అమ్ముకుని ఇక్కడికి వచ్చేశాం. మీరూ రండి అంటే, మిగతా పిల్లల కూతలు ఎవరు వింటారన్నారు. ఆ పొగగొట్టమే తనకి అన్నం పెట్టిందని ఆయన ఎన్నడూ దాచలేదు. "అంతమాత్రాన దాని పొగ పిల్లలు మింగాలని ఎక్కడుంది?" అనేవారు. తన ఊపిరి తరిగిపోతున్నా పక్కవాళ్ల ఊపిరి వింటూ కూర్చున్నారు. నా పిల్ల ఇవాళ ఆయాసం లేకుండా మెట్లెక్కుతోందంటే ఆయన చలవే.

పోయే ముందు వారం ఫోన్ చేసి అమ్మాయిని కూత పెట్టమన్నారు. తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, "యూ ఫస్ట్, అంకుల్," అంది. స్పీకర్లో ఆయన మొదలుపెట్టారు. రెండు కబడ్డీలు. మూడోది సగంలో ఆగిపోయింది. ఆక్సిజన్ మిషన్ చప్పుడే మిగిలింది. నేను ఫోన్ లాక్కోబోయాను. అమ్మాయి నా చెయ్యి తోసేసి, ఆయన ఆగినచోటే అందుకుంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... కళ్లు మూసుకుని, మెడ నరాలు పొంగుతుంటే లాగుతూనే ఉంది. అవతల నుంచి దగ్గు కూడా వినబడలేదు, ఆపుకుని వింటున్నట్టున్నారు.