సార్ బొటనవేలు

భద్రాచలం హాస్టల్ల మాకు బండలెక్కడం నేర్పిన సార్, ఎవరు ఎక్కేటందుకు కొత్త బూట్లు తెచ్చినా ముందుకొనను బొటనవేలితో నొక్కి చూసేటోడు. "ఖరీదుయి వద్దు బిడ్డా. లోపల సందు లేకుంటే చాలు, వేళ్లు ముడుచుకొని ఉండాలె," అనేటోడు.

స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్ల ముందురోజు మా నాయిన హైదరాబాద్ పోయి బూట్లు తెచ్చిండు. నా కాలు ఇంకా పెరుగుతదని ఒక సైజు పెద్దయి తీసుకున్నడు. "వచ్చే ఏడు గూడ వస్తయి సార్," అని మురిసిపోయిండు. సార్ నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. నాయిన మొహం చూసి, "మంచిగున్నయే," అన్నడు.

తెల్లారి సెలక్షన్ల బండ ఎక్కుతుంటే, మూడో పట్టు కాడ బూటు లోపల్నే నా పాదం తిరిగింది. పడ్డ. సీటు పోయింది.

ఆ తర్వాత సార్ ఎవరి బూటూ నొక్కలేదు.

మొన్న ఆ బూట్లు తొడిగి చూసిన. సార్ చెప్పినట్టే వేళ్లు ముడుచుకున్నయి. నేను ఎక్కుడు మానేసి రెండేండ్లయింది.