తెరిచినోళ్లే ముయ్యాలె

కోరుట్ల ఆఫీసులో సర్వర్ ఫ్యాన్ పొద్దుటి నుంచి రొద పెడుతోంది. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పట్టింది. ఆ వాసన తగిలితే చాలు, సరోజన మేడం నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తున్నట్టే ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కోసం, జాడ తెలియకుండా పోయినవాళ్ల కోసం ఇంటివాళ్లు వచ్చి మొరపెట్టుకునే చిన్న సహాయ కేంద్రం మాది. మేడం దానికి పెద్ద. డేటాబేస్ పని నాకు నేర్పింది ఆమే. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు కానీ తిట్టడం మాత్రం బాగా వచ్చు.

నేను చేరిన కొత్తలో తెరిచిన మొదటి ఫైలు రాజేశంది. వీర్నపల్లి మనిషి. పనికి పోయిన దేశంలో ఫోన్ ఆగిపోయి, ఆచూకీ లేకుండా పోయాడు. భార్య మంజుల సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి పోయేది. పని లేని రోజు బస్సెక్కి వచ్చి ఒకటే అడిగేది: "చెల్లె, మా ఫైలు తెరిచే ఉన్నదా?" ఉందంటే కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయేది.

ఒకరోజు సర్వర్ మొరాయించింది. మా సాఫ్ట్‌వేర్ చేసిన మహానుభావులు ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు పెట్టారు, కేసు మూసేదాకా అది తెరిచే ఉంటుంది. సర్వర్ ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో దానికో హద్దు ఉంటుంది. అది నిండిపోయింది, కొత్తవాళ్ల వివరాలు ఎక్కడం లేదు. జగిత్యాల నుంచి వచ్చిన కమిటీ కార్యదర్శి తేలిగ్గా తేల్చేశాడు. "కబురు లేని పాత కేసులన్నీ క్లోజ్ చెయ్యిండ్రి. జాగ అయితది."

బెంచీ మీద కూర్చున్న మంజుల లేచి నిలబడింది. "అట్ల చెయ్యకుండ్రి సారూ. మా అత్తగారింట్ల ఊకె అడుగుతుండ్రు, ఫైలు ఉన్నదా, మూసిండ్రా అని. ఉన్నదంటెనే నా బొట్టు నాకుంటది. మూసిండ్రంటే గాజులు తీపిస్తరు."

మేడం కార్యదర్శి వైపు తిరిగింది. "మనిషి దొరకకముందే ఫైలెట్ల మూస్తం? లిమిట్ పెంచుదాం." నా చేతే సెట్టింగ్ మార్పించింది. అంతటితో వదల్లేదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుని కూర్చుందో వెతికించింది. ఫొటోలు ఎక్కించే ప్రోగ్రాం ఒకటి పని అయిపోయాక కూడా ఫైళ్లు వదలడం లేదు. "ఉత్తగ పెంచుకుంట పోతే మల్ల నిండుతది బిడ్డా. తెరిచినోళ్లే ముయ్యాలె" అంది.

ఆ తర్వాత మేడం కిడ్నీలు చెడిపోయాయి. జగిత్యాలలో డయాలిసిస్ చేయించుకుంటూ కూడా ఫోన్‌లో "మంజుల ఫైలు ఉన్నదా?" అని అడిగేది. నాకు కోపం వచ్చేది. ఆ ఆడమనిషిని ఆశలో వేలాడదీయడం మేలా, కీడా? ఇప్పటికీ తేల్చుకోలేదు. మేడం పోయింది. ఆ ప్రశ్న ఆమెను అడగనే లేదు.

ఈ ఎండాకాలం రాజేశం పనికి పోయిన దేశం నుంచి కబురు వచ్చింది. అక్కడి మార్చురీలో ఎప్పటి నుంచో పేరు లేకుండా ఉన్న శవం రాజేశందేనట. ఒక్క బటన్ నొక్కితే ఫైలు మూసుకుంటుంది. చెయ్యి రాలేదు. వీర్నపల్లి బస్సెక్కాను. పనికి పోవడానికి సద్ది కట్టుకుంటున్న మంజుల నన్ను చూడగానే గడప మీద కూలబడింది. పక్కన కూర్చుని చెప్పాను. ఏడవలేదు. ఒకటే అడిగింది.

"మూసినవా చెల్లె?"

"లేదక్కా. నీకు చెప్పకుండ ఎట్ల మూస్త?"

చేతి గాజులను మణికట్టు మీదికి ఒకసారి తోసుకుని చూసుకుంది. "ఇగ ముయ్యి" అంది.

తిరిగి వచ్చి మూశాను. తెరిచింది నేనే కదా. అప్పటి నుంచి కుర్చీలో కూర్చుని ఎవరి ఫైలూ మూయలేదు. మేడం పెంచిన ఆ హద్దును నేను తగ్గించనూ లేదు. ఈ పొద్దున ఇంకో కబురు వచ్చింది. రేపు వెల్గటూర్ పోవాలి.