పెంటకుప్ప మీద పల్లిచెక్క

నా చిన్నప్పుడు మా లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆవులు పొద్దంతా చెరువు శిఖంలో, నీళ్లు తీసిన నేల మీద మేసి వచ్చేవి. ఒక ఏడు వానలు మొండికేశాయి. గడ్డి పోయి శిఖంలో మట్టే మిగిలింది. డొక్కలు ఎండి ఇంటికొచ్చిన ఆవులకు కుడితిలో ఇంత తవుడు, ఇంత పల్లిచెక్క కలిపి పెడితేనే నాలుగు చుక్కల పాలు. గానుగలో నూనె తీయగా మిగిలిన ఆ చెక్క ఉన్న ఇల్లే ఉన్నవాళ్ల ఇల్లు.

మా అవ్వ ఒక బస్తా దాచింది. దాన్ని నీళ్ల గోలెం పక్కన పెట్టడంతో అడుగు నుంచి చెమ్మ ఎక్కింది. ముక్క విరిచి చూస్తే లోపలంతా పచ్చటి బూజు. ఎండలో ఆరబోద్దామన్నాడు మా నాయిన.

"బూజు పోతది, ఇసం పోతదా? ఆకలికైతే ఓర్చుకుంటది గొడ్డు" అని కసిరి, బస్తాను పెంటకుప్ప మీద గుమ్మరించింది అవ్వ. మా అవ్వ ఎంత తెలివిగలదో అని నేను మురిసిపోయాను.

పక్కింటి అక్కకు ఒకటే ఆవు. చంకలో పసిపిల్ల. తల్లికి పాలు పడక, ఆ ఆవు పాలతోనే పిల్ల బతుకుతోంది. మేం చేనుకు పోయిన వేళ అక్క ఆ చెక్కను ఏరుకుపోయింది. కడిగి, ఎండబెట్టి, తవుడుతో కుడితిలో కలిపింది. ఉత్త చెక్క అయితే ఆవు మూతి తిప్పుకునేదేమో, కుడితిలో దానికి తెలియలేదు. కొన్నాళ్లకు మేత మానేసింది, పేడ నీళ్లలా పారుకుంది, ఒక పొద్దున ఇక లేవలేదు.

ఊరంతా దిష్టి అన్నారు. అక్క కూడా అదే నమ్మి ఏడుస్తోంది. కుడితి తొట్టి పక్కన పచ్చబడ్డ చెక్క ముక్క మా అవ్వ కంటబడింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అవ్వ అందరి ముందూ కూలబడి, "నీ ఆవును నేనే సంపిన బిడ్డా. పారబోసిన గని, పాడైందని నీకు చెప్పకపోతి" అంది.

"అడుగుదామంటే సిగ్గనిపించింది అవ్వా" అని మాత్రం అంది అక్క.

ఆనాటి నుంచి మా పాలలో సగం ఆ ఇంటికే పోయాయి. సగమంటే ఎంత, మా ఆవులూ వట్టిపోతున్నాయి. ఆ పిల్ల ఎండాకాలం దాటలేదు. మా అవ్వ మళ్లీ ఏనాడూ పాలు ముట్టలేదు.

ఇప్పుడు చేలన్నీ ప్లాట్లయినా నా కొట్టంలో ఇంకా ఆవు ఉంది. దాణా పాడైతే గొయ్యి తీసి పూడుస్తాను. "గీ కాలంల ఎవరు ఏరుకుంటరు అత్తమ్మా!" అని నవ్వుతుంది మా కోడలు. నవ్వనీ, దానికేం తెలుసు? చేతులు కడుక్కుని పక్కింటి తలుపు కొడతాను. దాణా పాడైందని చెబుతాను. చెప్పి ఊరుకోను, ఇంట్లో ఏమన్నా తక్కువైందా బిడ్డా అని కూడా అడుగుతాను.