మోకాళ్ళ దాకా దొరికిన మనిషి

మా చిన్న చెల్లెలు సుగుణ పురావస్తు తవ్వకాల్లో పనిచేస్తుంది. మా అక్కచెల్లెళ్ళలో ప్రార్థన మానేసింది అదొక్కతే. అలాంటిది, మొన్న ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "అక్కా, ఒక్కసారి వచ్చి మా గోతి దగ్గర ప్రార్థన చేసిపో" అంది. గొంతు విన్నాక ఏమైందని అడగలేదు. మర్నాడు నరసరావుపేటలో తొలి బస్సు ఎక్కాను.

పిడుగురాళ్ళ మీదుగా గురజాలకు సుమారు రెండు గంటలు పట్టింది. పిడుగురాళ్ళ దగ్గర కిటికీ మూసుకోవడం మంచిది, సున్నపు బట్టీల పొగ. గురజాల నుంచి తవ్వకం జరిగే చోటికి ఆటోలో అరగంట. ఒక్కరే వెళితే రెండు వందలు అడుగుతారు, నలుగురితో కలిసి వెళితే నలభైతో సరిపోతుంది. ఊరి పేరు రాయను. నిధులున్నాయని దొంగచాటుగా తవ్వుకుపోయేవాళ్ళు ఇప్పటికే ఎక్కువగా ఉన్నారు. ఆటో ఆయన దారంతా అదే అడిగాడు.

"బంగారం ఏమన్నా పడిందా అక్కా?"

"ఎముకలు పడ్డాయట."

"ఎముకలకా ఇంతమంది! మా శ్మశానానికి రమ్మనండి, చానా ఉన్నాయి."

నేను వెళ్ళేసరికి గోతిలో పని సాగుతోంది. ఒకరు తాపీతో మట్టిని గీస్తారు, ఒకరు కుంచెతో తుడుస్తారు, ఇంకొకరు తట్ట అందిస్తారు. జల్లెడ పట్టకుండా ఒక్క తట్ట మట్టి కూడా బయట పోయరు. ఎముకల సంగతి తెలిసిన ఎలీసా అనే ఆవిడ ఇటలీ నుంచి వచ్చింది. ఆమెకు వచ్చిన తెలుగు "మెల్లగా, మెల్లగా" ఒక్కటే. తొమ్మిదింటికి అందరూ గట్టు మీద కూర్చుని, ఒకే గిన్నెలోంచి పులిహోర వడ్డించుకుని తిన్నారు. నాకూ పెట్టారు.

తిన్నాక సుగుణ నన్ను గోతి అంచుకు తీసుకెళ్ళింది. అడుగున రెండు పాదాలు, రెండు పిక్కల ఎముకలు. మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి గోతి గోడ. గోడకు అవతల గట్టు, గట్టుకు అవతల మిరప చేను. మిగిలిన మనిషంతా ఆ చేను కింద ఉన్నాడు.

"రేపు సాయంత్రంతో పర్మిషన్ అయిపోతుందక్కా. వచ్చే ఏటికి డబ్బులు ఇచ్చేది లేదని పైవాళ్ళు చెప్పేశారు. మళ్ళీ మేం ఇక్కడికి రాము" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది.

నాలుగు సాళ్ళ మేర తవ్వుకోనివ్వమని అడగడానికి ఇద్దరం చేను గల కోటేశ్వరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా వయసు మనిషే. కూలీలతో పాటు కాయ కోస్తూ, నడుం ఎత్తకుండానే మాట్లాడింది.

"ఏందక్కా, నిన్న ఈ పిల్ల, ఇయ్యాల నువ్వు. నాలుగు సాళ్ళే అంటారు. పీకిన చెట్టుకి మళ్ళీ కాయ పడుద్దా?"

"నష్టం కట్టిస్తామండీ" అంది సుగుణ.

"నష్టం సంగతి కాదే తల్లీ. నా చేలో గోరీ బయటపెడితే రేపు ఈ కూలోళ్ళు దిగుతారా? కాయంతా చెట్టు మీదే ఉంది. ఎవురు కోస్తారు, మీ దొరసాని కోసుద్దా?"

పక్క సాలులో ఒకామె అందుకుంది. "దొరసానైతే మెల్లగా మెల్లగా కోసుద్ది. వచ్చే ఏడు ఉగాదికి అయిపోద్ది."

అందరూ నవ్వారు. కోటేశ్వరమ్మ నవ్వలేదు. లేచి నిలబడి సుగుణను చూసింది. "రెండు నెల్ల నుంచీ పక్కనే ఉన్నారు. ఒక్కనాడన్నా మా గడప తొక్కారా? ఇప్పుడు అవసరం పడి వచ్చారు."

మేం తిరిగొచ్చాం. మేస్త్రీ యేసోబు గోడలోకి అడ్డంగా తవ్వుదామన్నాడు. "పైన చెట్టు కూడా కదలదమ్మా. ఆమెకు తెలవదు."

"అది దొంగతనం యేసోబూ. గట్టు కూలితే నీ మీదే పడుద్ది" అంది సుగుణ. దొరికిన కాళ్ళనైనా తీసుకెళదామని ఎలీసా ఇంగ్లీషులో అంది. సుగుణ వద్దంది. "కాళ్ళు ఒకచోట, తల ఒకచోట నేను పెట్టలేను. కప్పేద్దాం."

పలచని గుడ్డ పరుస్తూ, పిక్కల వైపు నుంచి కప్పడం మొదలుపెట్టారు. తవ్వినవాళ్ళే వరసగా నిలబడి, జల్లించిన మట్టిని తట్టల్లో అందుకుంటూ తిరిగి పోయసాగారు. నేనూ వరసలో నిలబడ్డాను. పొద్దు వాలుతుండగా కోటేశ్వరమ్మ గట్టు మీదికి వచ్చింది. ఇంకా కప్పని కాలి వేళ్ళను చూసింది.

"ఆడమనిషా, మగమనిషా?"

"తెలియదండీ. నడుమూ తలా చూస్తేనే తెలిసేది. అవి మీ చేలో ఉన్నాయి" అంది సుగుణ.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకాస్త వంగి చూసింది. "మట్టెలు లేవే" అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత, "కప్పెయ్యండి" అని వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెయ్యక్కా ప్రార్థన" అంది సుగుణ. ఎన్నో ఏళ్ళ తర్వాత అది కళ్ళు మూసుకోవడం చూశాను. నేను ఎన్నో సమాధుల దగ్గర ప్రార్థన చేశాను. ఆ రోజు "ప్రభువా" అన్నాక ఒక్క మాటా రాలేదు. పేరు తెలియదు, ముఖం తెలియదు, ఏమి అడగాలో తెలియదు. మట్టి పడే చప్పుడు విని, చివరికి ఆమేన్ అన్నాను. మనసులో చేశాననుకుని అది కూడా ఆమేన్ అంది.

గురజాల బస్టాండులో నన్ను బస్సెక్కిస్తూ సుగుణ, "కోటేశ్వరమ్మ తప్పేం లేదక్కా" అంది. నీదీ లేదు తల్లీ అని నేను అనాల్సింది. అనలేకపోయాను. ఇంటికి వచ్చాక కూడా ప్రతి రాత్రీ ఆ ప్రార్థన మొదలుపెడుతున్నాను. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతోంది. దేవుడు విన్నాడో లేదో నాకు తెలియదు. వినడానికి నేను ఏమీ చెప్పలేదు కూడా.

తవ్వకాల్లో పనికి వెళ్ళాలనుకునే వారికి ఒక్క మాట. టోపీ, నీళ్ళ సీసా సంగతి ఎవరైనా చెబుతారు. గోతికి కొలత తాడు కట్టకముందే పక్క చేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగండి. మావాళ్ళు ఎముక కనబడ్డాక వెళ్ళారు.