దీమం పావురాలూ, నా కేకా

ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్యలు రెండే అని ఊళ్లో అందరూ ఒప్పుకునేవారు. ఒకటి తినడం, రెండోది అరవడం. తినడం గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు గాని, అరవడం మాత్రం మా నాయన దగ్గరుండి నేర్పించిన విద్య. జగిత్యాల అవతల మాకు కాస్త జొన్నచేను ఉండేది. కంకి పాలుపోసుకునే రోజులు వచ్చాయంటే నన్ను మంచె ఎక్కించి చేతిలో వడిసెల పెట్టేవారు. చిలకల గుంపు వాలబోతే ఒక కేక, ఒక రాయి. రాయి ఎన్నడూ ఏ పిట్టకూ తగల్లేదు (ఒకసారి మా చిన్నాయన వీపుకు తగిలింది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను). కేక మాత్రం పక్కవాళ్ల చేలల్లో పిట్టల్ని కూడా లేపేదని పేరు. "నీ గొంతుకు పిట్టలే కాదు బిడ్డా, వచ్చిన సంబంధాలు గూడ లేచిపోతయి" అని మా నాయనమ్మ మురిసిపోయేదో, బాధపడేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటివాణ్ణి మస్కట్ వచ్చి ఖురంలో ఒక పెద్ద బిల్డింగు సైట్‌లో పడ్డాను. అక్కడ నాకు ఇంకో సంగతి తెలిసింది. ఎత్తంటే నాకు చచ్చేంత భయం. మంచె ఎక్కినవాడికి భయమేమిటి అంటారేమో. మంచె నాలుగు గుంజలు, కింద మెత్తటి దుక్కి, పడితే లేపడానికి మా అమ్మ. ఇక్కడ అయిదో అంతస్తు, ఇనుప గొట్టాలు, కింద చూస్తే లారీలు అగ్గిపెట్టెల్లా ఉండేవి. నేను ఒక చేత్తో పనిచేసి రెండో చేత్తో గొట్టం పట్టుకునేవాణ్ణి. గాలి వీస్తే రెండు చేతులా గొట్టాన్నే పట్టుకునేవాణ్ణి. ఒకనాడు ఫోర్‌మాన్ వచ్చి, పని చేస్తున్నావా లేక ఈ గొట్టాన్ని పెళ్లి చేసుకున్నావా అని హిందీలో అడిగాడు. నేను గొట్టాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. రాత్రి రూమ్‌లో పడుకుంటే మంచం కూడా ఊగుతున్నట్టే ఉండేది. ఏదో ఒకటి చేసి నేల మీద చేసే పని చూడమని రుస్తాఖ్‌లో ఉన్న మా బావకు ఫోన్ చేసి ఏడ్చాను.

బావ అంటే మా అక్క పెనిమిటి. రుస్తాఖ్‌లో వెల్డింగ్ షాపులో చేసేవాడు, చుట్టుపక్కల తోటలన్నిటికీ గేట్లు ఆయనవే. అలా తెలిసిన ఒక అర్బాబ్‌కి (ఇక్కడ యజమానిని అలాగే అంటారు) ఖర్జూరపు తోట, దాని పక్కన నాలుగు మళ్ల గోధుమ ఉండేవి. చల్లిన గింజలు చల్లినట్టే పావురాలు తినిపోతున్నాయి. దానికి మందు ఆయనకు ఫోన్‌లో ఒక వీడియోలో దొరికింది. ఆకుపచ్చ బట్టల తెల్లదొరలు పొలంలో ప్లాస్టిక్ పావురాలు నిలబెట్టి, వల చాటున కూర్చుంటారు. పైన పోయే పావురాలు తమవాళ్లు ఇక్కడ భోంచేస్తున్నారనుకుని దిగుతాయి. దొరలు కాలుస్తారు. మా ఊళ్లో వేటగాళ్లు పెంపుడు కౌజుపిట్టను బుట్టలో పెట్టి అడవి కౌజుల్ని పిలిపిస్తారు, దాన్ని దీమం అంటారు. ఇది అదే, కాకపోతే దీనికి మేత ఖర్చు లేదు. అర్బాబ్ ఒక పెట్టెడు ప్లాస్టిక్ పావురాలు తెప్పించాడు. కాగితాలున్న తుపాకీ ఆయనకు ముందే ఉంది. లేనిదల్లా పిట్టల సంగతి తెలిసిన మనిషి. అది విని మా బావ ఆలోచించకుండా "మేరా సాలా, చిడియా కా మాస్టర్" అన్నాడట.

విషయం తెలియగానే బావకు ఫోన్ చేశాను. "బావా, నేను పిట్టల్ని ఎల్లగొట్టేటోన్ని. పిలిచేటోన్ని కాదు" అన్నాను. "తాళం ఏసెటోనికి తీసుడు రాదారా?" అన్నాడు బావ. ఆ మాటకు ఎదురు చెప్పేంత తెలివి నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. అర్బాబ్ ఒక షరతు పెట్టాడు. గోధుమ మొలకెత్తి నిలబడేదాకా చూస్తాడు. పనికొస్తే నా వీసా కాగితాలు తన పేరు మీదికి మార్చుకుంటాడు, లేకపోతే మళ్లీ సైట్. అంటే మళ్లీ అయిదో అంతస్తు. ఆ గొట్టం నా కోసం ఎదురుచూస్తూ ఉందని తలచుకుంటే చాలు, పావురాల మీద నాకు ఎక్కడలేని శ్రద్ధ పుట్టేది.

శ్రద్ధ ఉంటే చాలదని మొదటి రోజే తెలిసింది. ఖర్జూరపు కమ్మలతో చిన్న గుడిసె లాంటి చాటు కట్టాను, అది బాగానే కుదిరింది. ప్లాస్టిక్ పావురాలను మాత్రం రెండు వరసల్లో, ఒకదానికొకటి ఎదురుబొదురుగా, సమానంగా జరిపి నిలబెట్టాను. నాకు తెలిసిన భోజనమంటే పెళ్లి బంతి. మధ్యలో వడ్డించేవాడు నడవడానికి దారి కూడా వదిలాను. నిజం పావురాలు పైనుంచి ఒకసారి చూసి, పిలవని పేరంటానికి వెళ్లనట్టు, తలతిప్పుకుని పోయాయి. మర్నాడు ఇంకా శ్రద్ధ పెరిగి, బొమ్మల మీద దుమ్ము ఉందేమోనని సబ్బుతో కడిగి, నా తలకు రాసుకునే కొబ్బరినూనె గుడ్డకు అద్ది ఒక్కో పావురాన్ని తళతళలాడేలా తుడిచాను. ఎండ పడేసరికి మడంతా అద్దాల దుకాణంలా అయింది. ఆ పొద్దు పావురాలు మా తోట మీదుగా కూడా పోలేదు, చుట్టు తిరిగి పోయాయి. అర్బాబ్ ఏమీ అనకుండా తుపాకీ భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. తిట్టే మనిషి అయితే నాకు ఇంత బెంగ ఉండేది కాదు.

అప్పుడు బొమ్మలు పక్కన పెట్టి, పంపు గది నీడన కూర్చుని నిజం పావురాలను చూడటం మొదలుపెట్టాను. అవి గాలికి ఎదురుగా నిలబడి తింటాయి, లేకపోతే తోక కిందనుంచి గాలి దూరి ఈకలు లేస్తాయి. ఒకదానికొకటి రాసుకుని నిలబడవు, అన్నదమ్ములు పంచుకున్నట్టు ఎవరి చోటు వాళ్లది. వచ్చేది ఎప్పుడూ ఖాళీ చోట్లోనే దిగుతుంది. చిన్నప్పటినుంచీ పిట్టల్ని తరిమినవాణ్ణి, ఒక్కసారి కూడా వాటిని తిన్నగా చూడలేదని అప్పుడు తెలిసి నవ్వొచ్చింది. బొమ్మలకు మట్టి పూసి మెరుపు పోగొట్టాను. అన్నిటినీ గాలికి ఎదురు తిప్పాను. మధ్యలో మన ఇంటి వాకిలంత చోటు ఖాళీగా వదిలాను. ఆ సాయంత్రమే రెండు పావురాలు వచ్చి వాకిట్లో దిగాయి. అర్బాబ్ ఇంట్లో లేడు, తుపాకీ లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక, అవి తిని పోయేదాకా చూసి, బావకు ఫోన్ చేశాను.

ఈలోగా నాకు తెలియకుండానే ఇంకో ముచ్చట జరిగిపోయింది. ఆ మళ్లల్లో ఈసారి గోధుమ చల్లింది నేనే. కొండల్లోంచి వచ్చే కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు, మా వంతు వచ్చినప్పుడు నీళ్లు మళ్లించిందీ నేనే. పావురాలు ఒక మూల మొత్తం తినేస్తే మళ్లీ చల్లాను. ఒక తెల్లారి చూస్తే సూదుల్లా పచ్చగా లేచి ఉంది. సైట్‌లో అన్ని నెలలు పనిచేశాను, నేను పెట్టింది పెట్టినచోట గట్టిపడిందే తప్ప ఒక్కటీ పెరగలేదు. ఆ మూల కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను. కాలువ గట్టున చాప మీద అర్బాబ్ తండ్రి ఉండేవాడు, బాగా పెద్దాయన, చూపు ఆనదు, ఎవరితోనూ మాట్లాడడు. ఆయన కూడా ఆ వైపే తిరిగి కూర్చున్నాడు.

మొలక లేచిందని తెలియగానే అర్బాబ్ ఆ శుక్రవారం బురైమి నుంచి తన బామ్మర్దిని పిలిచాడు. ఆ బామ్మర్ది పెద్ద వేటగాడినని చెప్పుకునే మనిషి, అర్బాబ్ ప్లాస్టిక్ పావురాలను చూసి పిల్లల ఆటసామాను అన్నవాడు. (బామ్మర్దులంటే బావలకు ఏ దేశంలోనైనా పరీక్షే. మా బావను అడిగితే చెబుతాడు.) ఆ రోజు పావురాలు దిగాయా నా ఉద్యోగం ఖాయం, లేదంటే శనివారం బస్సులో మస్కట్. ముందురోజు బావ ఫోన్ చేసి ఒక్కటే చెప్పాడు. "ఏమన్న కానీ, నువ్వు మాత్రం నోరు తెరువకు." నేను అలాగే అన్నాను.

పొద్దున్నే ముగ్గురం కమ్మల చాటున కూర్చున్నాం. నేను ముందు, నా వెనక కాస్త పక్కగా వాళ్లిద్దరూ. గాలి చక్కగా కొండవైపు నుంచే వస్తోంది, బొమ్మలన్నీ అటే చూస్తున్నాయి. బామ్మర్ది మొదట ఆవలించాడు. తర్వాత ఆవలించడం ఆపాడు. కొండ అంచున ముందు రెండు, వాటి వెనక ఒక పెద్ద గుంపు కనిపించింది. గుంపు తోట మీద ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, రెక్కలు ఆడించడం ఆపి జారుకుంటూ వచ్చి, నేను వదిలిన వాకిట్లోనే దిగడం మొదలుపెట్టింది. అర్బాబ్ నా వీపు మీద మెల్లగా తట్టాడు. నా జన్మలో అంత గొప్పగా నన్ను ఎవరూ తట్టలేదు. బామ్మర్ది తుపాకీ ఎత్తబోతే, వెనకవి కూడా దిగనీ అన్నట్టు అర్బాబ్ చేయి అడ్డం పెట్టాడు.

ఆ కాస్త ఆలస్యమే నా కొంప ముంచింది. దిగిన పావురాలు ఊరికే కూర్చోవు కదా, తలలు వంచి తినడం మొదలుపెట్టాయి. నేను మళ్లీ చల్లిన మూల అది. నా ముందే ఒక లావుపాటి పావురం మొలకను ముక్కుతో పట్టి, వేరుతో సహా లాగి, గింజను మింగి, పచ్చని పోచను పక్కన పారేసింది. ఇంకోటి లాగింది. దాన్నీ పారేసింది. తర్వాత జరిగింది నేను చేశానని చెప్పలేను, నా చేత మా నాయన చేయించాడు. కమ్మలు విరుచుకుంటూ లేచి నిలబడ్డాను, తలకున్న తువ్వాలు తీసి గిరగిరా తిప్పాను, గొంతు చించుకుని "హో... ఓహోయ్... హో..." అని అరిచాను. (తుపాకుల ముందు ఎన్నడూ లేచి నిలబడవద్దని అర్బాబ్ మొదటి రోజే చెప్పాడు. ఆ మాట నాకు ఇంటికి పోయాక గాని గుర్తు రాలేదు.) గుంపంతా ఒక్కసారి లేచిపోయింది. మడిలో మిగిలినవి ప్లాస్టిక్ పావురాలు, అవి మాత్రం ధైర్యంగా నిలబడ్డాయి.

నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే అర్బాబ్ మొహం చూడాలి. శనివారం బస్సు, ఖురం, అయిదో అంతస్తు వరసగా కళ్లముందు నడిచాయి.

అప్పుడు కాలువ గట్టు వైపునుంచి ఇంకో కేక వినిపించింది. సన్నగా, బొంగురుగా ఉంది, కానీ నా కేకలాగే సాగి చివర పైకి లేచింది. చూస్తే పెద్దాయన చాప మీదనుంచి లేచి, ఖర్జూరపు చెట్టును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కర్ర ఊపుతూ అరుస్తున్నాడు. నా కేక విని చేను మీద పిట్టలు పడ్డాయని ఆయనకు అర్థమైంది, అంతే. మా దగ్గర ఒక మంచె మీద కేక లేస్తే పక్క మంచె అందుకోవాలి, అందుకోకపోతే మర్యాద కాదు. నేను ఉన్న పరిస్థితి మరిచిపోయి మళ్లీ అరిచాను. ఆయన మళ్లీ అందుకున్నాడు. అలా ఇద్దరం కొంతసేపు ఒక్క పిట్ట కూడా లేని ఆకాశాన్ని తరిమాం. బురైమి బామ్మర్ది తుపాకీ నేల మీద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు.

పెద్దాయన కొడుకును పిలిచి అరబ్బీలో ఏదో అడిగాడు. అర్బాబ్ నేల చూశాడు. పెద్దాయన ఏమడిగాడో నాకు చాన్నాళ్లకు అర్బాబే హిందీలో చెప్పాడు. చిన్నప్పుడు ఆ మళ్లల్లోనే ఆ ముసలాయన కూడా వడిసెల పట్టుకుని పిట్టలు కాసేవాడట. ఆయన అడిగింది ఒక్కటే. "చేను మనది. కడుపు మండింది వాడికి. నీకు ఎందుకు మండలేదు?"

నా కాగితాలు మారాయి. బావ ఫోన్‌లో "నేను చెప్పలేదా, మా వానికి పిట్టల సంగతి తెలుసని" అని అర్బాబ్‌తోనే గొప్పలు పోయాడట. దీమం పావురాల వేట కూడా మాకు కుదిరింది, కాకపోతే కోతలయ్యాక, ఉత్త మోళ్ల మీద. మొదటి ఏడాది తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆ అవసరం లేదు. గాలి చూసి బొమ్మలు పెడతాను, గుంపు దిగేదాకా రాయిలా కూర్చుంటాను. బురైమి నుంచి వచ్చే ఆ బామ్మర్ది, బొమ్మలు ఆ హిందీ అబ్బాయే పెట్టాలి అంటాడు (మనం తెలుగువాళ్లమని చెప్పి చెప్పి వదిలేశాను). ఇంత కుదురుగా కూర్చున్న ఈ పెద్దమనిషి నేనేనా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. ఆ రోజు కమ్మలు విరుచుకుని లేచిన కుర్రాడంటే నాకు సిగ్గు లేదు. వాడంటే ఇష్టం. వాడు ఇంకొంచెం తెలివిగా ఉండి ఉంటే, ఇవాళ నాకు ఈ నేల దొరికేది కాదు.

ఉన్నన్నాళ్లూ విత్తనాలప్పుడల్లా నా కేక అందుకున్న పెద్దాయన పోయి రెండేళ్లయింది. ఈసారి విత్తనాలు చల్లిన నాలుగోనాడు పావురాలు పడితే, గట్టున నిలబడి గట్టిగా ఒక కేక పెట్టాను. అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగాను. ఆయన లేడని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అంతలో ఖర్జూరపు చెట్ల అవతలనుంచి ఒక కేక వచ్చింది. తెల్లటి దుస్తుల్లో, చేతిలో ఫోన్‌తో నిలబడి, అర్బాబ్ అరుస్తున్నాడు. అబద్ధం ఎందుకు, గొంతులో చేప ముల్లు ఇరుక్కున్నట్టు ఉంది ఆ కేక, ఎత్తుకోవడమూ తెలియదు, ముగించడమూ తెలియదు. పావురాలు మాత్రం లేచిపోయాయి. నేను మళ్లీ అరిచాను, ఈసారి కాస్త నెమ్మదిగా, నేర్చుకునేవాడు అందుకోవడానికి వీలుగా.